అప్పలనరసమ్మ అలికిన గది

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నర్సీపట్నంలో నేను హెడ్ నర్సుగా ఉన్న చిన్న ప్రైవేటు ఆసుపత్రికి మంగ కేసు వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల, నాతవరం దగ్గర పల్లె. రక్త క్యాన్సర్‌కు విశాఖలో మూలకణ మార్పిడి చేశారు. కణాలు ఇచ్చింది సొంత అన్న. ఇక ఇంటి దగ్గరే కోలుకోవాలి, మేము కనిపెట్టుకుని ఉండాలి.

మార్పిడి జరిగిన మనిషికి రోగాన్ని అడ్డుకునే శక్తి పసిబిడ్డకున్నంత కూడా ఉండదు. కొత్త కణాలు ఒంటితో పేచీ పెట్టుకోకుండా ఇచ్చే మందులు ఉన్న కాస్త శక్తినీ తగ్గిస్తాయి. అందుకని వారానికోసారి రక్త పరీక్ష, ఛాతీకి అమర్చిన గొట్టానికి డ్రెస్సింగ్, జ్వరం వంద దాటితే గంటలోపు యాంటీబయాటిక్.

మంగ తల్లి అప్పలనరసమ్మకు జాగ్రత్తలన్నీ చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఉడకనిది పెట్టొద్దు, గదిలోకి పూలు రానివ్వొద్దు, పశువుల దగ్గరకు పంపొద్దు, పరామర్శకు వచ్చేవాళ్లను గుమ్మంలోనే ఆపాలి, గది రోజూ శుభ్రం చేయాలి. నా నోటికి డాక్టర్లే జంకేవారు. ఆవిడ మాత్రం జంకలేదు, అన్నీ మళ్లీ ఒప్పజెప్పి వెళ్లింది.

రోజూ సాయంత్రం ఫోన్ చేసి అడిగి, కార్డు మీద టిక్కులు పెట్టేదాన్ని. ఒకరోజు ఆవిడ తన అక్క గురించి చెబుతూ, "మాయప్ప వచ్చినా లోపలికి రానీలేదు సిస్టరమ్మా. నాతో మాటాడ్డం మానేసింది. మానేస్తే మానీనీ" అంది. ఇంతకంటే బాగా చూసుకునే తల్లి ఉండదనుకున్నాను. షేర్ ఆటో ఎక్కితే వాళ్ల ఊరు ఎంతో దూరం కాదు. అయినా ఒక్కసారీ వెళ్లలేదు.

ఎనిమిదో వారం మంగకు జ్వరం, పొడి దగ్గు మొదలయ్యాయి. అంబులెన్సులో నేనే వెళ్లాను. మంగను ఉంచిన వెనక గది మట్టి నేల. అప్పుడే పేడతో అలికి, చుట్టూ సన్నగా ముగ్గు పెట్టి ఉంది. నా కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి.

"సుబ్బరంగా ఉంచమన్నారు గదా, దినాము అలుకుతున్నాను. బేగి ఆరాలని ఫేను కూడా ఏస్తన్నాను" అందావిడ.

పేడలో బూజు, అంటే ఫంగస్, ఉంటుంది. ఆరాక దాని పొడి గాలిలో లేస్తుంది. మామూలు మనిషిని అది ఏమీ చేయదు, మంగ లాంటివాళ్ల ఊపిరితిత్తుల్లో నాటుకుంటుంది. ఇది నాకు తెలుసు. పశువుల దగ్గరకు పంపొద్దని చెప్పింది కూడా అందుకే. కానీ నేనూ కోటవురట్లలో అలాంటి నేల మీదే పెరిగాను, మా అమ్మ అలుకుతుంటే పక్కనే కూర్చుని ముగ్గు పెట్టాను. పేడను మురికి కింద లెక్కగట్టడం నాకు తట్టనే లేదు.

విశాఖలో స్కాన్ తీసి, ఊపిరితిత్తుల్లో బూజు అన్నారు. పన్నెండో రోజున మంగ చనిపోయింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో రూఢిగా చెప్పలేమని, బూజు ఏ గాలిలోనైనా ఉంటుందని అక్కడి డాక్టరు అన్నారు. ఆ మాట నాకు ఊరట ఇవ్వలేదు.

దినాలయ్యాక అప్పలనరసమ్మ మేమిచ్చిన థర్మామీటరు తిరిగివ్వడానికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా వొల్ల ఏటైనా తక్కువైపోయిందా సిస్టరమ్మా?" అని అడిగింది.

"లేదమ్మా. నేను చెప్పినవన్నీ చేశారు" అన్నాను.

అది నిజమే. తప్పు నాది, ఆ మాట ఆవిడతో అనాలని గొంతు దాకా వచ్చింది. అంటే పేడ సంగతీ చెప్పాలి. అది తెలిస్తే ఆ తల్లి తన చేతుల్ని జన్మలో క్షమించుకోదు. ఊరుకున్నాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

తర్వాత మిగిలిన మూడేళ్లలో, ఇలాంటి రోగి ఎవరు ఇంటికి వెళ్తున్నా, ముందు నేను వెళ్లి ఆ గది చూసేదాన్ని. శుభ్రం చేయమని చెప్పే ముందు, దేనితో చేస్తారని అడిగేదాన్ని. మా వృత్తిలో కొన్ని తప్పులకు క్షమాపణ అడిగే వీలు కూడా ఉండదు.