మొదటి తొక్కుకే పట్టే బ్రేకు

మా వియ్యంకుడు గారు పోయారన్న కబురు పొద్దున్నే లంకలోంచి పంటు మీద వచ్చింది. ఆయన పక్కింటాయన మా గుమ్మం ఎక్కకుండానే, "నిద్రలోనే అయిపోయారండి" అన్నాడు. బావగారి కొడుకు, అంటే మా అల్లుడు, అప్పుడు మా పెరట్లో ట్రాలీ ఆటో కడుగుతున్నాడు. కబురు అతనికీ వినపడే ఉంటుంది. అయినా నేను దగ్గరికెళ్ళి, "బాబూ, మీ నాన్నగారు..." అన్నాను.

"విన్నానండి మావయ్యగారూ" అన్నాడు. చేతిలో గుడ్డతో వెనక చక్రం పూర్తిగా తుడిచాడు. గుడ్డ పిండి తీగ మీద ఆరేశాడు. అప్పుడు కాళ్ళు కడుక్కున్నాడు.

తండ్రికీ కొడుక్కీ పదేళ్ళ పైచిలుకు మాటల్లేవు. ఆస్తి తగాదా కాదు. ఒక పాత పికప్ వ్యాను, దాని బ్రేకు. వినేవాళ్ళకి నవ్వొస్తుంది. మాకు రాలేదు.

మా ఊరు గోదారికి ఇవతలి గట్టు. వాళ్ళది నడుమనున్న లంక. మధ్యలో పంటు. చూడని వాళ్ళ కోసం చెబుతాను. రెండు పడవలు జతచేసి పైన బల్లలు పరుస్తారు. బండి గట్టు మీంచి ఏటవాలుగా రేవులోకి దిగి, ఆ బల్లల మీదికెక్కి ఆగాలి. ఎదర అడ్డంగా ఒక తాడు ఉంటుంది. తాడు దాటితే గోదారే.

బావగారు వయసులో ఉండగా మారేడుమిల్లి ఘాట్లో లారీ తోలారు. ఒకసారి దిగుడులో బ్రేకు పెడల్ లోపలికి పోయిందట. ఎలా బతికి బయటపడ్డారో ఏనాడూ చెప్పలేదు. "కాలి కింద ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసండి బావగారూ" అనేవారు, అంతే. బస్సులో నా పక్కన కూర్చున్నా ఆయన కుడికాలు నేలని నొక్కుతూనే ఉండేది. మా అమ్మాయిని చూసుకోవడానికి అద్దె కారులో వచ్చిన రోజున కూడా, దిగీ దిగగానే డ్రైవరుతో, "బ్రేకు ఎడమకి లాగుతోంది, చూపించుకో నాయనా" అన్నారు. మాకు నమస్కారం ఆ తర్వాత. మా ఆవిడ నా చెవి దగ్గర, "ఈయన పిల్లని చూడ్డానికొచ్చారా, కారుని చూడ్డానికా?" అంది.

లారీ మానేశాక ఆయన ఆ పికప్ కొన్నారు. అప్పటికే కంపెనీ వాళ్ళు ఆ మోడల్ చెయ్యడం మానేశారు. కొడుకు తోలేవాడు. రిపేర్లు తండ్రి చూసుకునేవారు. చక్రాల్లో గాలి తీసినంత సులువుగా బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీసేవారు ఇద్దరూ కలిసి. తండ్రి బండి కింద పడుకుంటే కొడుకు పెడల్ తొక్కేవాడు. లంకలో అరటి గెలలు ఎక్కించుకుని, పంటు దాటి, రావులపాలెం మార్కెట్లో దింపి వచ్చేవారు.

ఓ వేసవిలో దాని మాస్టర్ సిలిండర్ కారడం మొదలైంది. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్ని నాలుగు చక్రాలకీ నెట్టేది అదే. సరైనది ఎక్కడా దొరకలేదు. బావగారు ఏదో పెళ్ళికి ఊరెళ్ళినప్పుడు, మా అల్లుడు ఇంకో బండి సిలిండర్ తెచ్చి పెట్టించాడు. బోల్టులు సరిపోయాయి. పైపు సరిపోయింది. ఒక్కటే తేడా. మొదటి తొక్కుకి పెడల్ లోపలికి పోయేది, రెండో తొక్కుకి బ్రేకు పట్టేది. "రెండుసార్లు తొక్కితే పోలా" అన్నాడు పెట్టిన మెకానిక్. మా అల్లుడికి అదే అలవాటైపోయింది. కుర్రతనం. గెలలు కోసి పెట్టి ఉన్నాయి మరి.

పెళ్ళి నుంచి బావగారు మా ఇంటి మీదుగానే వచ్చారు. నేనూ ఆయనతో పంటెక్కి లంకకి వెళ్ళాను. మేం అవతలి రేవులో దిగుతుంటే ఎదురుగా మా పికప్పే, గెలల లోడుతో ఏటవాలు దిగుతోంది. బల్లల మీదికెక్కింది. ఆగాల్సిన చోట ఆగలేదు. ముందు బంపరు తాడుని తగిలి, తాడు వింటినారిలా బిగిసి, అప్పుడు ఆగింది. బుట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు కేకలేశారు.

మా అల్లుడు నవ్వుతూ దిగాడు. "ఆగింది కదా నాన్నా."

బావగారు తలుపు తీసి, చేత్తో పెడల్ నొక్కి చూశారు. మళ్ళీ నొక్కారు. తాళం చెవి లాగేశారు. పంటు మీది జనం వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "దారివ్వండమ్మా, కాస్త దారివ్వండి. అబ్బాయిగారు బండితో సహా గోదారి స్నానానికి బయల్దేరారు. పుణ్యం మీక్కూడా పంచుతారంట" అన్నారు.

జనం అప్పటిదాకా భయపడి ఉన్నారేమో, పగలబడి నవ్వారు. పంటు నడిపే సరంగు కూడా తెడ్డు పట్టుకుని నవ్వాడు.

"తాళం ఇవ్వు నాన్నా. గెలలు ఎండకి పోతాయి" అన్నాడు మా అల్లుడు, గొంతు తగ్గించి.

"పోనీ."

"మార్కెట్లో బేరగాళ్ళు కాసుక్కూచున్నారు."

"కూచోనీ. సరైన సిలిండర్ వచ్చేదాకా ఈ బండి గుమ్మం దాటదు. నీ కాలికి నేను బండి ఇవ్వను."

ఆయనే ఎక్కి, వెనక్కి తీసి, గట్టెక్కించుకుని ఇంటికి తీసుకుపోయారు. ఆ గెలలు చాలావరకు పశువులే తిన్నాయి.

'గోదారి స్నానం' అన్న మాట రేవులో పేరై కూచుంది. టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు మా అల్లుణ్ణి చూస్తే, "ఏంటి బాబాయ్, స్నానానికేనా?" అనేవారు. మార్కెట్ దాకా పాకింది. కొద్దిరోజుల్లోనే అతను భార్యాపిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చేశాడు. ట్రాలీ ఆటో కొనుక్కుని ఇవతలి గట్టునే తోలుకునేవాడు. రేవు వైపు వెళ్ళడమే మానేశాడు.

బావగారు మాత్రం సిలిండర్ వేటలో పడ్డారు. తోడు నేను. రాజమండ్రి, కాకినాడ, పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాం. ఆయన చొక్కా జేబులో ఒక చీపురు పుల్ల ఉండేది. కొట్టువాడు ఏ సిలిండర్ చూపించినా, పైపు బిగించే కన్నంలో ఆ పుల్ల పెట్టి నొక్కేవారు. "దీంట్లో స్ప్రింగుతో చిన్న వాల్వు ఉండాలండి. కాలు తీసేసినా గొట్టంలో కాస్త బిగువు నిలబెడుతుంది. అది లేకపోతే ఆయిలంతా వెనక్కొచ్చేస్తుంది. అందుకే మొదటి తొక్కు ఖాళీ" అని నాకు చెప్పేవారు. పుల్లకి స్ప్రింగు తగలకపోతే, పెట్టె మూసి ఇచ్చేసేవారు.

రాజమండ్రిలో ఒక కొట్టాయన విసుక్కున్నాడు. "బోల్టులు సరిపోయాయి కదండీ, ఇంకేం కావాలి?"

"బోల్టులు సరిపోతే సంబంధం కుదిరినట్టేనాండీ?" అన్నారు బావగారు. "మా బావగార్ని అడగండి, చెబుతారు."

కొట్టాయన నా వైపు చూశాడు. నేనేం చెబుతాను. మా పిల్లకీ వాళ్ళ పిల్లాడికీ బాగానే కుదిరింది. కుదరంది తండ్రికీ కొడుక్కీ.

చివరికి పెద్దాపురం దగ్గర ఒక రైసు మిల్లు వెనక, తుమ్మ చెట్ల మధ్య, అదే మోడల్ బండి తుప్పు పడుతూ కనపడింది. దాని సిలిండర్ ఊడదీసి తెచ్చారు. లోపల నున్నగా రుద్ది, కొత్త రబ్బర్లు వేసి, బండికి బిగించారు. గాలి తియ్యాలి. తొక్కడానికి ఇంట్లో ఎవరూ లేరు. నేనెక్కాను.

"తొక్కండి బావగారూ... పట్టుకోండి... వదలండి." కింద నుంచి ఆయన గొంతు వచ్చేది. అలా చాలాసేపు. మధ్యలో ఒకసారి, "మీ కాలు మెత్తనండి. మా వాడైతే..." అని ఆపేశారు. నేను పెడల్ పట్టుకునే ఉన్నాను. వదలమని చెప్పడం ఆయన మర్చిపోయారు.

బండి బాగైంది. మొదటి తొక్కుకే, కాలు ఆనించగానే పట్టింది. ఆయన తాళం చెవి నా చేతిలో పెట్టి, "వాడికి ఇవ్వండి" అన్నారు. తెచ్చి ఇచ్చాను. మా అల్లుడు దాన్ని ముట్టుకోలేదు. "బండి బాగవుతుందండి మావయ్యగారూ. ఆ పేరు పోతుందా?"

ఆ మాటే ఆయనకి చెప్పాను. "చచ్చినోణ్ణి ఎవరూ ఎక్కిరించరండి బావగారూ. వాణ్ణి ఎక్కిరిస్తున్నారంటే ఉన్నాడనేగా. ఎక్కిరించనివ్వండి" అన్నారు. ఆ మాట నేను అల్లుడికి చేర్చలేదు. చేరిస్తే ఎటు తిరిగేదో.

మనవల్ని చూడ్డానికి బావగారు మా ఇంటికొచ్చేవారు. అరుగు మీదే కూచునేవారు. కొడుకు లోపల గదిలో. "బావగారూ, ఆటో వెనక చక్రంలో బేరింగు కూస్తోందని ఎవరికైనా చెప్పండి" అనేవారు. లోపల్నుంచి మా అల్లుడు పెళ్ళాంతో, "ఆ బేరింగు నిన్ననే మార్చామని ఎవరికైనా చెప్పు" అనేవాడు. "మార్చింది కూడా కూస్తోందని చెప్పండి." "చెవులు కూస్తున్నాయేమోనని చెప్పు." మా అమ్మాయి మధ్యలో నవ్వలేక, ఏడవలేక మజ్జిగ తెచ్చి ఇచ్చేది. మర్నాడు మా అల్లుడు బేరింగు మళ్ళీ మార్పించేవాడు. మార్పించానని మాత్రం చెప్పేవాడు కాదు.

ఆయన చేసింది తప్పని నేననను. ఆ రోజు తాళం లాక్కోకపోతే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. ఏమీ అయ్యేది కాదేమో కూడా. అయినా మా అమ్మాయి బొట్టు పెట్టుకుంటుంటే చూసిన ప్రతిసారీ ఆయనకి మనసులో దండం పెట్టుకున్నాను. అల్లుడి మొహం చూసిన ప్రతిసారీ ఆ దండం వెనక్కి తీసుకున్నాను. తాళం లాక్కుంటే సరిపోయేది. ఆ నవ్వించడం ఎందుకు? సిలిండర్ కోసం ఊళ్ళన్నీ తిరిగిన మనిషి, కొడుకుతో ఒక మాట కోసం అరుగు మీంచి లోపలికి రాలేదు. కొడుకూ గడప దాటి బయటికి రాలేదు. ఎవరి పట్టు వాళ్ళది. ఇద్దరిదీ ఒకటే రక్తం.

దహనం అయ్యాక మా అల్లుడు గోదాట్లో మునిగి లేచాడు. రేవు నిండా జనం. ఒకప్పుడు ఎక్కిరించిన కుర్రాళ్ళు ఇప్పుడు పెద్దవాళ్ళై, తువ్వాళ్ళు భుజాన వేసుకుని నిలబడ్డారు. ఎవరూ నోరు మెదపలేదు. నవ్వి ఉంటేనే అతనికి తేలికయ్యేదేమో.

పెద్దకర్మ తర్వాత పికప్ అమ్మేస్తానన్నాడు. బావగారు దాన్ని తోలకపోయినా పాడుపెట్టలేదు. అప్పుడప్పుడూ స్టార్ట్ చేసి దొడ్లో ముందుకీ వెనక్కీ తిప్పేవారు. ఉప్పాడ నుంచి చేపల వ్యాపారి ఒకాయన వచ్చి కొన్నాడు. ఆయనతో పాటు మేమిద్దరం లంక రేవు దాకా వెళ్ళాం.

వ్యాపారి ఏటవాలు దిగి, బల్లల మీదికెక్కి, ఒక్కసారి తొక్కాడు. బండి నడిమధ్యలో, కుదుపు లేకుండా ఆగింది. తాడుకి ఇంకా బారెడు దూరం ఉంది.

"బ్రేకు భలే ఉందండీ! కాలు ఆనిస్తే చాలు. ఎవరు చేశారండి?"

మా అల్లుడు బండి చక్రాల వైపు చూస్తున్నాడు. "వాళ్ళ నాన్నగారండి" అన్నాను నేను.

ఈ రేవులో పంటెక్కిన బండికి, కదలకుండా చక్రం కింద రాయి పెట్టడం అలవాటు. వ్యాపారి కొత్తవాడు, ఆయనకి తెలియదు. ఎవరూ పెట్టలేదు. సరంగు గట్టుకి కట్టిన తాడు విప్పేశాడు. అప్పుడు మా అల్లుడు ఉన్నట్టుండి వంగి, గట్టున ఒక పెద్ద రాయిని రెండు చేతులా ఎత్తుకుని ఏటవాలున పరుగెత్తాడు. "ఆగండాగండి! రాయి పెట్టాలి! రాయి పెట్టకుండా ఎలా వెళ్తారండీ!"

వ్యాపారి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "అక్కర్లేదండి! బ్రేకు గట్టిదేనండి!"

పంటు కదిలిపోయింది. మా అల్లుడు మోకాలి లోతు నీళ్ళలో ఆగాడు. పంటు మా ఊరి వైపు గట్టు చేరింది. పికప్ గట్టెక్కి, అరటి తోటల వెనక్కి తిరిగి, కనపడకుండా పోయింది. అతను మాత్రం ఆ రాయిని రెండు చేతుల్లో పట్టుకుని, అటే చూస్తూ నీళ్ళలోనే నిలబడి ఉన్నాడు.