కూర్చుని కొట్టుకున్న పందెం

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో నెత్తురుంది, విరిగిన ఎముక ఉంది, నది ఉంది, నది మధ్యలో వీరులున్నారు. చదివేవాళ్ళు కాస్త సర్దుకుని కూర్చోవాలి.

సర్దుకున్నారా? ఇక అసలు సంగతి. డెబ్బై ఎనిమిది ప్రాంతంలో పదకొండు మందిమి అమలాపురం నుంచి రాజోలు దాకా సైకిళ్ళ మీద వెళ్ళాం. అంతే. అదే దారిన రోజూ చేపల బుట్టలు కట్టుకుని తొక్కేవాళ్ళు దాన్ని యుద్ధం అనరు, రాజోలు వెళ్ళొచ్చాం అంటారు.

నాకు మాత్రం అది చావుబతుకుల వ్యవహారం. డిగ్రీ రెండో ఏడు లెక్కల్లో తప్పాను. "తొక్కింది చాలు. కొత్తపేటలో మీ మావయ్య మిల్లుకి పో" అన్నారు నాన్న. అమ్మ మధ్యలో పడి రాజీ చేసింది. ఈ పందెంలో మొదట వచ్చిన ఒక్కణ్ణే కాకినాడలో జిల్లా పోటీకి పంపుతారు. నేను కాకినాడలో తొక్కితే చదువూ సైకిలూ ఇంకో ఏడాది నావి. లేకపోతే తవుడు బస్తాలు నావి.

సాధన గట్టిగానే చేశాను. రోజూ పొద్దున్నే వెనక క్యారేజీకి రెండు అరటి గెలలు కట్టి కాలవగట్టు మీద తొక్కేవాణ్ణి. బరువుతో తొక్కితే పిక్కలు గట్టిపడతాయని నా సిద్ధాంతం. గెలలు ఎలాగూ సంతకి చేరాలన్నది నాన్న సిద్ధాంతం. మూడుసార్లు కాలవలో పడ్డాను, ఒకసారి గేదె మీద పడ్డాను. గేదె లేచి వెళ్ళిపోయింది. నాకు గడ్డం కింద నాలుగు కుట్లు పడ్డాయి.

పందేనికి దారి నిర్ణయించింది మా డ్రిల్లు మేష్టారు. గన్నవరం మీదుగా చుట్టు తిరిగితే అక్విడెక్టు వంతెన ఉంది, నది అడ్డం రాదు. కానీ మేష్టారి అత్తారిల్లు రాజోలు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన బోడసకుర్రు రేవులో పడవెక్కే వెళుతున్నారు. కాబట్టి రాజోలు దారి అంటే అదే. మధ్యలో గోదారి పాయ వైనతేయ ఉన్న సంగతి ఆయన మరిచిపోలేదు, నదిని కూడా రోడ్డులో కలిపేసుకున్నారు. మేమూ అంతే. పదకొండు మందిలో ఒక్కడికీ "మరి పడవో?" అని అడగాలని తోచలేదు.

ఈల వేసిన రెండు నిమిషాలకే నలుగురు చక్రాలు పెనవేసుకుని రోడ్డు పక్క కొబ్బరి డొక్కల గుట్టలోకి దూరిపోయారు. ఒకడి పెదవి చీలిపోయింది. వాడు నెత్తురు ఉమ్ముకుంటూనే మళ్ళీ ఎక్కాడు. అందరికంటే ముందు నేనూ, రాజోలు నుంచి వచ్చిన ఒకాయనా మిగిలాం. ఆయన కొబ్బరికాయలు వలిచే పనిలో ఉండేవాడు. ఆయన ముంజేతులు నా తొడలంత ఉన్నాయి.

"ఏవండీ, కాస్త పక్కకి జరుగుతారా?" అన్నాను.

"మీరే జరగండి బాబూ."

"నేను జరిగితే కాలవేనండి."

"ఆయ్" అని ఒప్పుకుని, నా డొక్కలో మోచేత్తో పొడిచాడు. నేను ఆయన మోకాలి మీద తన్నాను. ఇలా మర్యాదలు ఇచ్చిపుచ్చుకుంటూ, తక్కినవాళ్ళని చాలా వెనక వదిలేసి, ఇద్దరం ఒకేసారి రేవు చేరాం. సైకిళ్ళతో పడవలోకి దూకాం.

పడవ కదల్లేదు. పడవ నడిపే ముసలాయన చుట్ట వెలిగించుకున్నాడు.

"పోనివ్వండి బాబాయ్, పందెం!"

"ఇద్దరి కోసం పడవ కదుపుతారేంటండీ ఎవరైనా? నిండాలి."

నిండింది. వెనకబడ్డ తొమ్మిది మందీ ఒక్కొక్కరే నెత్తురోడుతూ వచ్చి ఎక్కారు. బాతుల గంపతో ఒక మామ్మగారు కూడా ఎక్కింది. అప్పటిదాకా తొక్కింది దండగ, ఇక అవతలి ఒడ్డున ముందు దిగినవాడిదే పందెమని అప్పుడు వెలిగింది అందరికీ. అంటే పడవ ముందు భాగంలో ఉన్నవాడిది. పదకొండు మందిమీ ఒక్కసారి అటు తోసుకున్నాం. పడవ ఒక పక్కకి ఒరిగి, గోదారి లోపలికి తొంగిచూసింది.

ముసలాయన గెడ తిప్పి అందిన వీపుల మీదల్లా బాదాడు. "ఒరేయ్! కొట్టుకుంటే కొట్టుకోండి, లెగిసి కొట్టుకోకండి! కూర్చుని కొట్టుకోండి!"

"ఆయ్, అలాగేనండి" అని అందరం కూర్చున్నాం. కూర్చుని కొట్టుకున్నాం.

"నాయనా, బాతుల మీద మాత్రం పడకండి" అంది మామ్మగారు.

నిలబడి కొట్టుకుంటే వెనక్కి తగ్గే వీలుంటుంది. కూర్చుంటే ప్రతి దెబ్బా పూర్తిగా తగులుతుంది. ఒకడు నా జుట్టు పట్టుకుని తలని పడవ అంచుకేసి కొట్టాడు. రాజోలాయన గాలి పంపు తీసి నా మెడ పక్కన ఒక్కటి వేశాడు. ఎండు కొమ్మ విరిగినట్టు లోపల చప్పుడైంది. నేను ఆయన మణికట్టు కొరికాను, ఉప్పగా తగిలేదాకా వదల్లేదు. తర్వాత ఆయన ముందు చక్రం మీద మడమతో తన్నుతూనే ఉన్నాను, చువ్వలు వంగి రిమ్ము సొట్టపడేదాకా. పడవ అడుగున ఊరిన నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆ నిమిషాన ఆయన నదిలో పడి పైకి తేలకపోయినా నేను చెయ్యి అందించేవాణ్ణి కాదు. ఇందులో హాస్యం ఏమీ లేదు. మిల్లంటే నాకు అంత భయం.

ఒడ్డుకి నాలుగు గజాలుండగానే సైకిలు ఎడమ భుజాన వేసుకుని బురదలోకి దూకేశాను. కుడి చెయ్యి లేవడం లేదు. ఒంటిచేత్తో తొక్కాను. వెనక రాజోలాయన సొట్ట చక్రం కిర్రుమంటూ తరుముకొచ్చింది గానీ అందుకోలేకపోయింది.

రాజోల్లో డ్రిల్లు మేష్టారు తెల్ల ప్యాంటులో నిలబడి ఉన్నారు. తెల్లవారుజామునే బస్సెక్కి గన్నవరం మీదుగా వచ్చారట.

"శెభాష్! పన్నెండు రోజుల్లో కాకినాడ, సిద్ధంగా ఉండు!" అని నా కుడి భుజం తట్టారు. నేను కింద పడిపోయాను.

కళ్ళు తెరిచేసరికి రాజోలాయన నన్ను నా సైకిలు క్యారేజీ మీదే కూర్చోబెట్టి, తువ్వాలుతో తన నడుముకి కట్టుకుని ఆసుపత్రికి తొక్కుతున్నాడు. ఆయన మణికట్టుకి రుమాలు చుట్టి ఉంది.

"బాగా తొక్కేరండి."

"మీరూ బాగా కొట్టేరండి."

"మరేనండి. రెండో స్థానం నాదేనంటున్నారు. మొదటాయనకి కుదరకపోతే నన్ను పంపుతారంట" అన్నాడు, వెనక్కి చూడకుండా.

డాక్టరుగారు నా మెడ కింద వేలితో నొక్కి, నా కేక విని, ఎముక విరిగిందని తేల్చారు. భుజానికీ ఛాతీకీ కలిపి పెద్ద కట్టు కట్టారు. అది నలభై రోజులుంచాలన్నారు. తడపకూడదన్నారు. పరవాలేదు, తవుడు బస్తాల దగ్గర తడి ఉండదు.