చేత్తో లెక్కపెట్టే కోళ్లు

నా చిన్నప్పుడు ఒక్కచోట కూర్చోవడం నాకు చేతనయ్యేది కాదు. ఇప్పుడు చేతనైందా అని మా కోడల్ని అడిగితే నవ్వి ఊరుకుంటుంది. పొద్దు వాలిందంటే చాలు, నా కాలు నిలవదు. టీ గ్లాసు సగంలో వదిలేసి లేస్తాను. గేటు దాకా వెళ్తాను, మళ్లీ వస్తాను, ఎవరెవరు ఇల్లు చేరారో ఎవరింకా చేరలేదో చూసుకుంటాను. కొంపల్లిలో ఇంత గట్టి ఇల్లు, గోడల మీద కెమెరాలు, ఇంకా నీకేం భయమని మా అబ్బాయి విసుక్కుంటాడు. భయం కాదు. మా పక్కింటి కాక అంటించిపోయిన జబ్బు అది.

అప్పట్లో మేం శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. పక్కింటి కాక బొల్లారంలో ఒక మిలిటరీ ఆఫీసరు ఇంట్లో వంట చేసేవాడు. ఆ ఆఫీసరుకు బదిలీ అయితే, తను ముచ్చటపడి పెంచుకున్న ఆరు కోళ్లను వెంట తీసుకుపోలేక కాకకు ఇచ్చేశాడు. కాక వాటిని గంపలో పెట్టి, సైకిలు వెనక కట్టుకుని, కౌకూరు మీదుగా ఊరికి తెచ్చిన రోజు సగం ఊరు వాళ్ల వాకిట్లోనే ఉంది. అవి మేమెరిగిన కోళ్లలా లేవు. ఒంటినిండా దూదిలాంటి బొచ్చు, నెత్తిన ఇంత కుచ్చు, కాళ్లకూ బొచ్చే. ఆ బొచ్చు పాయ తీసి చూస్తే లోపల చర్మం బొగ్గు నలుపు. కాలికి వేళ్లు నాలుగు కాదు, ఐదు.

"గివి కోళ్లా, కుందేళ్లా?" అని మా అవ్వ బుగ్గలు నొక్కుకుంది.

ఇప్పుడందరూ వాటిని సిల్కీ కోళ్లంటున్నారు. మా ఊరు మాత్రం ఆ పూటే దూదికోళ్లని పేరు పెట్టేసింది.

నాటుకోళ్లకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. పొద్దుగూకితే వాటంతటవే గూటికో చెట్టు మీదికో చేరతాయి. వాన పడితే ఒళ్లు విదిలించుకుని పోతాయి. ఈ దూదికోళ్లు అలా కాదు. ఎగరలేవు. కుచ్చు కళ్ల మీద పడితే ముందున్న గింజ కూడా కనబడదు, చీకటి పడితే ఎక్కడున్నవి అక్కడే ముడుచుకుంటాయి. వానలో వాటి బొచ్చు నీళ్లన్నీ పీల్చుకుని ఒంటికి అతుక్కుపోతుంది, తొందరగా ఆరదు. వచ్చిన వారంలోనే ఒకటి అలా తడిసి, చలికి బిగుసుకుని చచ్చిపోయింది. ఆ రోజు కాక అన్నం ముట్టలేదు.

ఆ తర్వాతే మిగిలిన ఐదింటికీ గూడు కట్టాడు. నేల చెమ్మ తగలకుండా ఇటుకల మీద పలకలు పరిచాడు. పైన రేకు, జల్లు లోపలికి కొట్టకుండా ముందుకు వాలిన చూరు. లోపల మందంగా వడ్లపొట్టు పోసి, తడిసిన చోట ఎప్పటికప్పుడు తీసేసి కొత్తది పోసేవాడు. ఎక్కడానికి ఒక వాలు చెక్క. నీళ్లు కూడా వెడల్పు గిన్నెలో కాదు, కుచ్చు తడవకుండా చిన్న మూతి ముంతలో. రోజూ పొద్దున కుచ్చులు కళ్ల మీద పడకుండా దారంతో ముడివెయ్యడం నా పని. అన్నింట్లో చిన్నది నా ముద్దుల కోడి, దానికి మాత్రం ఎర్ర దారం.

సాయంత్రం కాక ఒక్కోదాన్నీ చేత్తో ఎత్తి లోపల పెట్టేవాడు. అంతటితో ఆగక, తలుపు మూసే ముందు మోచేతి దాకా చెయ్యి దూర్చి ఒక్కోదాన్నీ తడిమేవాడు. ఎందుకంటే అవి పడుకున్నప్పుడు తలలు లోపలికి ముడుచుకుని ఒకదాని మీదొకటి పడిపోతాయి. బయటినుంచి చూస్తే ఒక్కటే తెల్లటి కుప్ప. నాలుగున్నాయో ఐదున్నాయో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, వానాకాలంలో, కాక భార్య తల్లికి జబ్బు చేసిందని కబురొచ్చింది. ఇద్దరూ మేడ్చల్ వెళ్తూ కోళ్లను మూడు రోజులు నాకు అప్పజెప్పారు. మా అమ్మ వద్దంది.

"గిది కుదురుగ కూసోని బువ్వ సుత తినది. ఇగ కోళ్లనేం జూస్తది?"

"జూస్తది వదినె. నాకు తెల్సు," అన్నాడు కాక. ఆ మాటకు నేను పొంగిపోయాను.

మొదటి రోజు అన్నీ పద్ధతిగా చేశాను. రెండో రోజు ఊళ్లోకి సినిమా జీపు వచ్చింది. బడి గోడకు తెల్లగుడ్డ కట్టి రాత్రికి ఆట వేస్తారని పొద్దుటినుంచీ మైకులో ఒకటే గోల. ఇంక నేనేం నిలుస్తాను? జీపు వెంట తిరుగుతూ ఆ పూట కుచ్చులు ముడివెయ్యడం ఎగ్గొట్టాను. సాయంత్రం తుంపర మొదలైంది. చేతికందిన రెండింటిని గూట్లోకి తోశాను. మిగతావి ఎక్కే ఉంటాయనుకుని తొంగిచూస్తే తెల్లటి కుప్ప కనబడింది. గొళ్లెం పెట్టి పరుగెత్తాను.

గేటు దగ్గర కాక ఎదురయ్యాడు. అత్తకు కాస్త నయమైందని తనొక్కడే ముందుగా వచ్చేశాడట. ఒంటినిండా గొంగడి కప్పుకుని ఉన్నాడు.

"అన్ని ఎక్కినయా బిడ్డా?"

"ఎక్కినయ్ కాకా. ఐదున్నయ్."

"చెయ్యి వెట్టి జూసినవా?"

"జూసిన," అన్నాను, తడుముకోకుండా.

"అయితే ఇంకొక్కపారి వెట్టు, నేను సుత జూస్త."

బడి వైపునుంచి పాట మొదలైంది. నా ప్రాణమంతా అక్కడే ఉంది. విసుక్కుంటూ వెనక్కి వచ్చి గూట్లో చెయ్యి పెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మూలమూలలా తడిమాను. నాలుగే. లేనిది నా చిన్నదే.

తుంపర కాస్తా వానయ్యింది. కంచె కింద వెతికాను, చొప్ప కుప్ప వెనక వెతికాను, బురదలో పడుతూ లేస్తూ బావి గట్టు దాకా పోయాను. అడ్డమొచ్చిన కుక్కే ఎత్తుకుపోయి ఉంటుందని దాన్ని రాయితో కొట్టాను, పాపం. కాక నా వెనకే నడుస్తున్నాడు గాని ఒక్కసారి కూడా వంగి వెతకలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వు దేవులాడవేంది?" అని అరిచాను.

గొంగడి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. ఇంక నావల్ల కాలేదు, బురదలోనే కూలబడి ఏడ్చాను. "చెయ్యి వెట్టలె కాకా. అబద్ధం జెప్పిన. సిన్మాకు ఉరికిన," అని ఒప్పేసుకున్నాను.

అప్పుడు గొంగడి తీశాడు. లోపల, కడుపుకు ఆనుకుని, కళ్ల మీద కుచ్చు పడి, నా చిన్నది కునుకుతూ ఉంది. దొడ్డి వెనక సందులోంచి వస్తూ గోడ పక్కన తడుస్తుంటే చూసి ఎత్తుకున్నాడట. ముందు ప్రాణం లేచొచ్చింది. వెంటనే కోపం ముంచుకొచ్చింది. బురద చేతులతోనే కాకను ఎడాపెడా కొట్టాను. కొట్టనిచ్చాడు.

పొయ్యి ముందు కూర్చోబెట్టి, పాత ధోవతి గుడ్డతో దాని బొచ్చు పూర్తిగా ఆరేదాకా నాతోనే తుడిపించాడు. బడి దగ్గర జనం నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. నేను ముఖం తిప్పి అటే చూస్తుంటే, "సిన్మా మల్లొస్తది," అన్నాడు.

చిన్నపిల్లను అంతసేపు ఏడిపించాలా అని నాకు ఇప్పటికీ కాక మీద కాస్త కినుకే. కానీ మర్నాడు జరిగింది తలుచుకుంటే ఆ కినుక నిలవదు. పొద్దుగూకే వేళకు కాక తన అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఇంక నన్ను దగ్గరికి రానివ్వడనుకుని దూరంగా నిలబడ్డాను. "ఏంది జూస్తున్నవ్? పో, మూసి రా," అన్నాడు. మూసి వచ్చాను. అన్నీ ఉన్నాయా అని అడగలేదు. లేచి చూసి రాలేదు కూడా.

పెద్దయ్యాక శామీర్‌పేట దగ్గర అంగన్‌వాడీ టీచరుగా చాలా ఏళ్లు చేశాను. సాయంత్రం తాళం వేసే ముందు గదంతా తడిమి చూసేదాన్ని. మా ఆయమ్మకు అదొక నవ్వులాట. ఒక శనివారం మబ్బు పట్టిందని తల్లులంతా తొందర తొందరగా వచ్చి పిల్లల్ని తీసుకుపోయారు. అందరూ పోయారని ఆయమ్మ తాళం పట్టుకుని నిలబడింది. నేను అలవాటుగా మూలనున్న చాపల చుట్టల వెనక చెయ్యి పెట్టాను. వెచ్చగా ఒక చిన్న పాదం తగిలింది. మూడేళ్ల పిల్ల, ఆదమరిచి నిద్రపోతోంది. అన్న వెంట ఇంటికి పోయిందనుకుందట వాళ్లమ్మ. మళ్లీ తలుపులు తీసేది సోమవారమే. పిల్లను ఒళ్లో వేసుకుని అక్కడే చతికిలబడ్డాను. కాక అప్పటికే పోయాడు. ఉంటే ఆ రాత్రే ఊరికి పోయి కాళ్లు పట్టుకునేదాన్ని.

ఇప్పుడు మా మనవరాలు ఇంటి వెనక నాలుగు సిల్కీ కోళ్లను పెంచుతోంది. గూట్లోనూ ఒక కెమెరా పెట్టింది. "ఫోన్ల కనబడ్తున్నయ్ గదా అవ్వా," అంటుంది. ఫోన్లోనూ అదే తెల్లటి కుప్ప. అందుకే రోజూ నేనే పోయి చెయ్యి పెట్టి వస్తాను.

నిన్న సాయంత్రం నడుం పట్టేసి లేవలేకపోయాను. పొద్దు వాలుతుంటే కుర్చీలో ఇటూ అటూ కదులుతున్నాను. మనవరాలు వెళ్లి వచ్చింది.

"మూసిన అవ్వా," అంది.

అన్నీ ఉన్నాయా అని నోటిదాకా వచ్చింది. ఇంతలో దాని చెయ్యి చూశాను. మోచేతి దాకా వడ్లపొట్టు అంటుకుని ఉంది. ఇంకేమీ అడగలేదు. గ్లాసులోని టీ మొత్తం తాగాను.