పాలు కాని పాలు

జమ్మలమడుగు ఆసుపత్రి నర్సమ్మ పోయిందని మొన్న పొద్దున బస్సు దిగి వచ్చిన మా మరిది చెప్పాడు. మా ఇంట్లో ఈరోజు ఎనిమిదేళ్ల పాప తిరుగుతోందంటే అది ఆమె చలవ. నేను ఆమెకిచ్చింది మాత్రం తిట్లు. ఆ సంగతి దాచిపెట్టి ఆమెను తలుచుకోవడం న్యాయం కాదు.

మాది పెద్దముడియం దగ్గర పల్లె. పాప పుట్టిన నెలలోపే నాకు టైఫాయిడ్ వచ్చి పాలు ఎండిపోయాయి. దొడ్లో మూడు ఎనుములున్న ఇల్లు, పాలకేం కరువని ధైర్యంగానే ఉన్నాం. ఎనుము పాలు పడితే వాంతి. ఆవు పాలు, మేక పాలు, ప్రొద్దుటూరు నుంచి తెచ్చిన డబ్బా పాలు, ఏవి పట్టినా అదే వరస. దిష్టి తీశాం, తాయెత్తు కట్టాం. విరేచనంలో నెత్తురు జీర కనబడ్డాక ఆసుపత్రికి పరుగెత్తాం.

నర్సమ్మ రెండు రోజులు పాప గుడ్డలన్నీ తానే విప్పి చూసింది. డాక్టరుతో మాట్లాడి వచ్చి, "బిడ్డకు పాలే పడలేదు తల్లీ. యే పాలైనా అంతే" అంది.

"పాలు పడని బిడ్డ యాడైనా ఉంటాదా?" అని మా అత్త కస్సుమంది.

డాక్టరు మద్రాసు నుంచి సోయా చిక్కుడు పిండి డబ్బాలు తెప్పించాడు. దాన్ని కొలిచి, కాచి, వడగట్టి పట్టాలి. అది నేర్పడానికి నర్సమ్మ సెలవు రోజున బస్సెక్కి మా ఊరొచ్చేది. కిరస్తానీ మనిషి వంటింటి గడప దాటకూడదని అత్త పట్టు. ఆమె వసారాలో కూర్చుని చెబుతుంటే నేను లోపల కలిపేదాన్ని. "గరిట గూడా యేరే పెట్టుకో. పాలు తగిలింది దీనికి తగలగూడదు" అనేది. ఎంత ఎండలో నడిచొచ్చినా ముందు పాపను చూసి, తర్వాతే నీళ్లడిగేది. ఆ నీళ్లు కూడా దోసిట్లోకి పైనుంచి పోసేవాళ్లం. రాయడానికే సిగ్గుగా ఉంది.

పాప తేరుకుంది. నెల తిరగకముందే మళ్లీ నెత్తురు పడింది.

నర్సమ్మ వచ్చి ఉగ్గుగిన్నె తీసి వాసన చూసింది. అత్త ముఖం వంక చూసింది. తర్వాత నాతో, "పిండి చెడినట్టుండాది. చూసుకోకుండా ఇచ్చినా. తప్పు నాదే" అంది.

నేను ఊరుకున్నానా? "బిడ్డ ప్రాణంతో ఆడుకుంటాండావా? నీకు పిల్లలుంటే తెలిసేది!" అన్నాను. పిల్లలు లేని మనిషిని పట్టుకుని అన్న మాట అది.

ఆమె సంచిలోంచి కొత్త డబ్బా తీసి అత్త ముందు పెట్టి, "ఇంగ పాపకు నువ్వే కాచి పట్టాల పెద్దమ్మా. కోడలికి ఓపిక లేదు. నిన్ను నమ్మి పోతాండా" అంది. ఆ రోజు నుంచి అత్త ఆ గిన్నెను ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. పాప మళ్లీ జబ్బు పడలేదు. రెండేళ్లు దాటాక నర్సమ్మే ఆసుపత్రిలో దగ్గరుండి చెంచాడు మజ్జిగ పట్టి చూసింది. ఏమీ కాలేదు.

మొన్న కబురు విన్నాక అత్త గోడకానుకుని కూర్చుంది. నన్ను దగ్గరికి పిలిచి చెప్పింది.

"పిండి చెడిపోల్యా. ఇంట్లో ఇంత పాడి పెట్టుకోని పసిబిడ్డకు గింజల నీళ్లు పోస్తాండామని నాకు శానా నామోషీ అయింది. దినామూ రొంత ఎనుము పాలు కలిపినా. ఆయమ్మ కనిపెట్టింది. నన్ను ఒక్క మాట అన్లే."

ఆ రోజే నిజం తెలిసుంటే నేను అత్తను పాప దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. మా ఇల్లు రెండుగా చీలేది. అది ఆలోచించే నర్సమ్మ నింద తన మీద వేసుకుంది. తప్పు ఎవరిదైనా, నేనన్న ఆ మాటకు క్షమించమని అడగడానికి నాకు ఎనిమిదేళ్లు టైముండింది. అడగలేదు.

సమాధుల దగ్గరికి అత్త కూడా వచ్చింది. పూడ్చడం అయ్యి అందరూ కదిలినా ఆమె ఆ పచ్చిమట్టి మీద రెండు చేతులూ ఆనించి అట్లే కూలబడింది. నేను పిలిచినా లేవలేదు. పాప వెళ్లి "లెయ్ అవ్వా" అంటూ ఆమె రెక్క పట్టుకుంది. కాళ్లు తన్నిపట్టి, పళ్లు బిగించి, ఒక్క గుంజుతో ఆమెను లేపి నిలబెట్టింది.