చేతికందని హ్యాండ్ బ్రేక్

2022 వేసవి. కరోనా రోజులు గడిచి, పలాసలో జీడి పరిశ్రమలు మళ్లీ నిండుగా నడుస్తున్నాయి. కాశీబుగ్గ వెళ్లే దారిలో నాకొక లేత్, వెల్డింగ్ షాపు ఉంది. నాకు తిండి పెట్టేవి జీడి పిక్కలు కోసే మిషన్లు. ఆడవాళ్లు బల్ల ముందు కూర్చుని, కాలితో పెడల్ తొక్కుతూ, చేత్తో లివర్ లాగుతూ పిక్కను పగలగొడతారు. ఆ లివర్లు చేయడం, అరిగితే మార్చడం నా పని. అలాంటి నా షాపు ముందుకు ఒకరోజు వ్యాను మీద రేసు కారు వచ్చింది.

దాన్ని కట్టింది మా సింహాచలం బావ. మా అక్క మొగుడు. ఇద్దరం ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాం. ఆయన కార్ల వైపు వెళ్లాడు, నేను జీడి దగ్గర మిగిలాను. టెక్కలిలో హైవే పక్కన ఆయనకు పెద్ద షెడ్డు, కస్టమర్లు కూర్చోవడానికి ఏసీ గది. పెళ్లిళ్లలో మా చుట్టాలు నన్ను చూడగానే అడిగే మొదటి ప్రశ్న, "మీ బావ ఇప్పుడు ఏ బండి కడతన్నాడ్రా?" అని. దాచుకోవడం దేనికి, ఆయన పేరు వింటే నాకు కడుపుమంట. మేస్త్రి బతికున్నప్పుడు మొదలైన మంట, ఇప్పటికీ ఆరలేదు.

కారుతో వచ్చిన కుర్రాడు దిలీప్. సోంపేట దగ్గర కొబ్బరితోటల రైతు కొడుకు. ఆరడుగుల మనిషి, పొడుగు చేతులు. డ్రాగ్ రేసు అంటే తిన్నగా ఉన్న దారిలో రెండు కార్లు ఒకేసారి బయలుదేరి, ఎవరు ముందు చివరికి చేరతారో తేల్చుకునే పందెం. మలుపులుండవు, అంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది. మనిషి కూర్చునే చోటును కాక్‌పిట్ అంటారు. దీని కాక్‌పిట్ ఎంత ఇరుకంటే, దిలీప్ అందులో కూర్చుంటే డబ్బాలో కుక్కిన అప్పడంలా ఉన్నాడు.

"టెక్కలి నుంచి వత్తన్నాను మావా. సింహాచలం మావ..." అని మొదలుపెట్టాడు.

"సరేలే, కష్టమేటో అది సెప్పు," అన్నాను. బావ చేతకాక వదిలేశాడని నాకు అర్థమైపోయింది. లోపల పండగ చేసుకున్నాను.

అతను కుడి మణికట్టు చూపించాడు. నల్లగా కమిలి ఉంది. మూతపడిన రొయ్యల ఫ్యాక్టరీ లోపలి సిమెంటు రోడ్డు మీద ట్రయల్ వేశారట. గేరు మార్చే లివర్‌ను షిఫ్టర్ అంటాం. దాన్ని లాగబోతే చెయ్యి రోల్ కేజ్ గొట్టానికి, అంటే కారు బోల్తా పడినా మనిషి నలిగిపోకుండా కాపాడే ఇనుప పంజరానికి గుద్దుకుంది. కంగారులో హ్యాండ్ బ్రేక్ కోసం తడిమితే దొరకలేదు. కారు వెళ్లి సరుగుడు తోటలో దూరింది.

"సెట్లు సన్నవి కాబట్టి బతికినాను. ఇంట్లో ఎవులికీ తెలీదు. ఇంకోపాలి ఇలగైతే మాయమ్మ నన్ను బండి ముట్టుకోనివ్వదు," అన్నాడు. అలా అంటున్నప్పుడు కూడా కారునే చూస్తున్నాడు.

నేను కారు చుట్టూ తిరిగాను. బావ వెల్డింగ్ ఎంత నున్నగా ఉందో! ఒక్క చోటైనా తప్పు దొరుకుతుందేమోనని టార్చి వేసి మరీ వెతికాను. దొరకలేదు. అప్పుడే నా బుద్ధి వంకర తిరిగింది. ఈ కారులో నా పని ఆయన పని కంటే మెరవాలి అనుకున్నాను.

జీడి మిషన్‌కు లివర్ కట్టేటప్పుడు నాకొక పద్ధతి ఉంది. దాని మీద పనిచేసే ఆవిడను తన పీట మీదే కూర్చోబెట్టి, "కళ్లు మూసుకుని సెయ్యి సాపమ్మా" అంటాను. చెయ్యి ఎక్కడ పడితే అక్కడ సుద్దముక్కతో గీత పెడతాను. లివర్ పిడి అక్కడికి రావాలి. కానీ రేసు కారుకు జీడి కొలతేమిటని బావ నవ్వుతాడేమో! పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, నేనూ ఆయనలాగే టేపు పట్టాను, నేనే సీట్లో కూర్చుని కొలిచాను. స్టీలు పిడులు అద్దంలా పాలిష్ పట్టాను. షిఫ్టర్, హ్యాండ్ బ్రేక్ పక్కపక్కనే పెట్టాను. దిలీప్ కూర్చుని చూసి, "అదిరింది మావా," అన్నాడు.

పంపే ముందు ఎందుకైనా మంచిదని కారును జాకీల మీద లేపి, పూర్తి సరంజామాతో కూర్చోమన్నాను. హెల్మెట్, గ్లౌజులు, భుజాల మీద నుంచీ నడుము మీద నుంచీ మనిషిని సీటుకు కట్టేసే హార్నెస్ బెల్టులు. బెల్టులు బిగించాను. బ్రేకు పట్టుకోమన్నాను.

చెయ్యి వెళ్లింది. నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది. మళ్లీ చాపాడు. భుజం సీటుకు అతుక్కుపోయింది, కదలడం లేదు. తల వంచి చూద్దామంటే హెల్మెట్ అడ్డం. ఆ చెయ్యి గాల్లో పిడి కోసం తడుముతోంది. సరుగుడు తోట గుర్తొచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది.

హెల్మెట్ తీసి మెల్లగా అన్నాడు. "నువ్వూ అందనట్టే సేసీసినావు మావా."

చెంప మీద కొట్టినట్టయింది. బావా నేనూ ఒకే మేస్త్రి శిష్యులమని రుజువైంది. ఇద్దరం మా ఒళ్లు కొలిచాం, అదీ బెల్టు లేకుండా. నడిపేవాడి ఒళ్లు కొలవలేదు.

లివర్లు రెండూ ఊడదీసి అవతల పడేశాను. దిలీప్‌ను మళ్లీ బెల్టులతో బిగించి, సుద్దముక్క తీసుకున్నాను.

"కళ్లు మూసుకుని సెయ్యి సాపు."

"ఏటి మావా, ఇదేటి ఆట?"

"సాపమన్నానా!"

చెయ్యి పడిన చోట గీత పెట్టాను. మరోసారి చాపించాను, మరో గీత. గేరుకు ఒక చోటు, బ్రేకుకు ఒక చోటు తేలాయి. హ్యాండ్ బ్రేక్‌ను షిఫ్టర్ పక్క నుంచి తీసి, దాని ముందు నిలువుగా పెట్టాను. షిఫ్టర్ కాడను లోపలికి వంచాను, మోచెయ్యి గొట్టానికి తగలకుండా. ఈసారి పాలిష్ జోలికి పోలేదు. కళ్లు మూసుకుని ఎన్నిసార్లు చాపినా దిలీప్ చెయ్యి తిన్నగా పిడి మీదే పడింది. ఆ కుర్రాడు నవ్విన నవ్వు చూసి నాకు ఊపిరి వచ్చింది.

కారు తీసుకెళ్లడానికి బావే స్వయంగా వచ్చాడు. లివర్లను పట్టి ఉంచే నా బ్రాకెట్ల మీద వేలితో రాసి, "పిట్టరెట్ట లాగున్నాది నీ వెల్డింగు," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తర్వాత దిలీప్‌ను బెల్టులతో కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని చెయ్యి చాపమన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. ఆ మాట ఈయనకెలా తెలుసు?

"మీయక్క జీడి బల్లకాడ కూకున్న రోజుల్లో బుజం నొప్పితో రేత్రులు పడుకునేది కాదు," అన్నాడు బావ. "నువ్వు దాని సెయ్యి సూసి లివరు కట్టినాక పోయింది. మర్సిపోనాను అనుకున్నావేటి? నాకా ఇద్య రాదురా. అందుకే ఈడిని నీకాడికి అంపినాను."

"మొదటి రోజే సెప్పబోనాను మావా," అన్నాడు దిలీప్. "నువ్వు ఇన్నావేటి?"

ఆ నెలలోనే దిలీప్ పందెంలో నడిపాడు. గెలవలేదు. బ్రేకు మాత్రం తడుముకోకుండా దొరికిందని ఫోన్ చేసి చెప్పాడు. కారు మీద పేరు బావదే ఉంది, ఫోటోలో చూశాను.

ఈ కారు నేర్పింది రెండు ముక్కలు. మనిషిని తన చోట, తన బరువులన్నీ వేసి కూర్చోబెట్టాకే కొలత తీయాలి. ఇది చేతికి సంబంధించింది, ఆ రోజే వచ్చేసింది. రెండోది నోటికి సంబంధించింది, అదే కష్టంగా ఉంది. అసూయ తగ్గిందా అంటే, లేదు, పెరిగింది. ఇన్నాళ్లూ ఆయన వెల్డింగ్ చూసి కుళ్లుకున్నాను. నాకు రాదు, వాడికి వచ్చు అని కస్టమర్‌కు చెప్పగలిగిన ఆ నోరు చూసి ఇప్పుడు కుళ్లుకుంటున్నాను.

మొన్న నౌపడ నుంచి ఒకాయన జీపు ఛాసిస్ పని పట్టుకొచ్చాడు. అది బావ చేతిలో పడాల్సిన పని. "టెక్కలి ఎల్లండి, మా బావ సేత్తాడు," అని ఫోన్ నంబరు చెప్పాను. చివరి అంకె తప్పు చెప్పాను. ఆయన రోడ్డు దాటేలోగా వెనక్కి పిలిచి, సరిదిద్దాను.