మంజీరల మునిగిన బెల్లం పెనం

ఇది చదివినంక నేను ఎక్కడన్న కనవడితే మీ ఇష్టమున్నంత నవ్వుకోండ్రి గని, మా మామ ముంగట మాత్రం ఈ ముచ్చట తియ్యకుండ్రి. ఒక సినిమాను, ఒక ఊరి బెల్లాన్ని ఒక్కనాడే ముంచిన మొనగాన్ని నేను.

డిగ్రీ చదివేటప్పుడు నాకు నది సినిమాల పిచ్చి. తెర మీద హీరో పడవల నిలవడి విలన్‌ను కర్రతోటి కొడ్తుంటే, నేను కుర్చీల కూసొని తెడ్డు ఏసేటోన్ని. నా దోస్తు శీను కొత్త ఫోన్ కొని, "మనమే ఒకటి తీద్దాం రా, మంజీర పక్కనే ఉన్నది గదా" అన్నడు. నది ఉన్నది. హీరోను రోజూ అద్దంల చూస్తనే ఉన్న. పడవ ఒక్కటే తక్కువ.

కోటగిరి దిక్కు మామ చెరుకుతోట కాడ బెల్లం వండే ఇనుప పెనం యాదికొచ్చింది. ఇద్దరు కాళ్లు చాపి పండుకునేంత ఉంటది. వాగు పొంగినప్పుడు మనుషులను దాటించింది గూడ గదే.

మేము సినిమా తీద్దామనుకున్న రోజే మామ ఆ ఏడు మొదటి బెల్లం వండేది. వేడి పాకం తినడానికి చుట్టాలంత గిన్నెలు పట్టుకొని వస్తరు.

"గానుగ నడుస్తున్నది రా" అన్నడు మామ, పెనం అడుగంగనే. "మాపటికల్ల పెనం పొయ్యి మీదుండాలె. లేకుంటే రసం పులుస్తది."

"గంటల తెస్త మామా."

"ఈత వస్తదా నీకు?"

"చేప లెక్క!" అన్న. బకెట్ల చెంబు ముంచుడు తప్ప నీళ్లతోటి నాకు వేరే పరిచయం లేదు.

శీను ట్రాక్టర్ల పెనాన్ని నదికి తెచ్చినం. విలన్ వేషమేసిన రాజు, నేను ఎక్కినం. "ఈ నది నాది!" అని ఉరిమిన. పెనం గిర్రున తిరిగింది. నా డైలాగంత ఒడ్డు మీది మేకలకు చెప్పిన. కోపమొచ్చి కర్ర ఎత్తిన, అంతే, పెనం బోల్తా కొట్టింది.

"శీనూ! సచ్చిపోతున్న రా! బాపుకు చెప్పు!"

"సూపర్! గదే ఫీలింగ్ ఉండనియ్!" అని ఫోన్ దించకుంట తీస్తనే ఉన్నడు వాడు.

మేకలు కాసే అవ్వ ఒడ్డు మీదికెల్లి ఒర్లింది. "ఓ బిడ్డా! జర లేసి నిలవడు!"

"మునుగుతున్న అవ్వా!"

"నిలవడరా అంటే!"

నిలవడ్డ. నీళ్లు మోకాళ్ల దాక ఉన్నయి. రాజు ఎప్పుడో నడుచుకుంట ఒడ్డెక్కిండు.

నేను బతికిన గని పెనం బతుకలే. ఇసుక నిండి బురదల కూసున్నది. ట్రాక్టర్ కట్టి గుంజే వరకు పొద్దు గూకింది.

తోట కాడికి పోతే చుట్టాలు ఖాళీ గిన్నెలతోటి కూసున్నరు. మామ పులిసిన రసం వాసన చూసి బర్రెల తొట్టిల పోసిండు. తిట్టినా మంచిగుండేది. అత్త వచ్చి "బువ్వ తిని పో బిడ్డా" అన్నది. సిగ్గుతోటి తలకాయ వంచుకొని పళ్లెం ముంగట కూసున్న. ఏడాది కష్టం, నా ఒక్క డైలాగుకు బర్రెల పాలైంది.

గా బువ్వ ముంగటనే ఒట్టు పెట్టుకున్న. ఈ జన్మల నీళ్ల మీద హీరోను కాను. నది సినిమా పెడితే టీవీకి గూడ దూరం కూసుంట. పెనం దిక్కు కన్నెత్తి చూడ.

మామ మాత్రం నా ఒట్టు నమ్మలే. ఇప్పటికీ నా బండి సప్పుడు వినంగనే పెనానికి గొలుసేసి తాళం పెడ్తడు, పొయ్యి మీద బెల్లం కుతకుత ఉడుకుతున్నా సరే.