వంతెన కాపలాలో గుమ్మపాలు

యుద్ధం వచ్చాక అది మూడో ఎండాకాలం. మధ్యాహ్నం గద్వాల స్టేషన్‌లో దిగాం. అక్కడి నుంచి కృష్ణ మీది రైలు వంతెన దాకా పట్టాల వెంట నడక. భుజాన తుపాకీ, వీపున దుప్పటి. నదిలో నీళ్లకంటే బండలే ఎక్కువ కనబడ్డాయి. హుకుం ఒక్కటే: వంతెన కాయాలి. శత్రువు రంగూన్ దాటాడని చెప్పారు. మా వైపు ఒక్కడూ రాలేదు.

ఇసుక బస్తాల గూటిలో నలుగురం. హవల్దారు, టెలిఫోన్ సిపాయి, నేను, మిషన్‌గన్ సిపాయి. అతనిది బిజినేపల్లి. కుస్తీలు పట్టినవాడు కాబట్టి పహిల్వాన్ అనేవాళ్లం. మిషన్‌గన్‌ను ఒంటిచేత్తో ఎత్తి గూటిలో పెట్టేవాడు.

ఒడ్డు మీది ఊళ్లో ఒక అవ్వ, ఆమె కోడలు ఉండేవాళ్లు. పెబ్బేరు సంతలో కొన్న రెండు బర్రెలు వాళ్ల బతుకు. మాకు చాయ్‌లోకి పాలుంటే చాలు. పహిల్వాన్‌కు చాలవు. తెల్లవారి కాపలా దిగగానే వాళ్ల కొట్టానికి పోయేవాడు. పిండిన చెంబు నురగ తగ్గకముందే ఎత్తి తాగేవాడు.

"కాచినంక అండ్ల ఏముంటదన్నా? గుమ్మపాలల్లనే బలం," అనేవాడు.

వానలు మొదలయ్యాక అతనికి జ్వరం పట్టుకుంది. పగలు బాగానే ఉండేవాడు. సాయంత్రానికి ఒళ్లు కాలేది. తెల్లారేసరికి దుప్పటి చెమటతో తడిసిపోయేది. హవల్దారు మలేరియా అన్నాడు, క్వినైన్ ఇచ్చాడు. జ్వరం కొన్నాళ్లు పోయి మళ్లీ వచ్చింది. నడుము, మోకాళ్లు పట్టేశాయి. ఒక పొద్దున మిషన్‌గన్ ఎత్తబోయి కింద కూలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

టెలిఫోన్ సిపాయి స్టేషన్‌ను పిలిచాడు.

"సిపాయికి బీమారి. డాక్టర్ కావాలె."

"డాక్టర్ కర్నూలు పోయిండు."

"ఎప్పుడొస్తడు?"

"తెల్వదు."

డాక్టర్ వచ్చేసరికి పహిల్వాన్ సగమయ్యాడు. రక్తం తీసుకుపోయి, మళ్లీ వచ్చి, మలేరియా కాదన్నాడు. పాలు ఎక్కడ తాగుతావని అడిగాడు. ఆ బర్రెలకు దూడలు నిలిచాయా అని అడిగాడు. ఒకదానికి నిలవలేదు. నెలలు నిండకముందే ఈసుకపోయిందని అవ్వ మాకు చెప్పే ఉంది.

"బర్రెలు ఈసుకపోయే రోగమది, పాలల్లకు దిగుతది. కాస్తే సస్తది. పచ్చిగ తాగితే మనిషిల కూసుంటది," అన్నాడు డాక్టర్.

"మందు?" అన్నాడు హవల్దారు.

"లేదు. కొందరికి తగ్గుతది. కొందరికి తగ్గది."

పొంగు రాని పాలు ఎవరూ ముట్టరాదని హుకుం వచ్చింది. అది సిపాయిలకు. ఊరికి ఎవరూ చెప్పలేదు. నేనే పోయాను. కోడలు కొట్టం పక్కన చాప మీద పడుకుని ఉంది. ఆమెకూ సాయంత్రం జ్వరాలే. ఆ నెలలోనే కడుపు పోయింది.

"పాలు కాచి తాగండవ్వా," అన్నాను.

"గటక కాసుకునేటందుకే కట్టెల్లేవు కొడుకా. ఇగ పాలెక్కడ కాస్త? మా అమ్మ గిట్లనే తాగింది, నేను గిట్లనే తాగిన. బర్రెకు దిష్టి తాకింది, కోడలికి గూడ గట్లనే తాకింది."

నేను చెప్పినంతసేపూ తల ఊపుతూ విన్నది. లేచి వస్తుంటే, ఎండలో వచ్చానని ఒక చెంబు పాలు తెచ్చి నా ముందు పెట్టింది. పచ్చివే.

దసరా దాటాక పహిల్వాన్‌ను కొలువుకు పనికిరాడని ఇంటికి పంపేశారు. దింపి రమ్మని నాకు చెప్పారు. జడ్చర్ల దాకా రైలు, అక్కడి నుంచి ఎద్దుల బండి. దారిలో ఒక్క మాటే అన్నాడు.

"నాయినకు ఏమని చెప్పాలన్నా?"

అతని కింద గడ్డి సర్ది, దుప్పటి కప్పాను.

బిజినేపల్లిలో బండి ఆగేసరికి జనం మూగారు. యుద్ధానికి పోయినవాడు వచ్చాడని. అతను దిగలేకపోతే వాళ్ల నాయినే ఎత్తి దించాడు. దించుతుండగా ముసలాయన ముఖం మారిపోయింది.

"తూటా ఏడ తాకింది కొడుకా?"

"తూటా కాదు నాయినా. పాలు తాగిన."

ముసలాయనకు అర్థం కాలేదు. కొడుకు అంగీని పైకెత్తాడు. వీపు తడిమాడు, పక్కలు తడిమాడు, చేయి ఎత్తించి చంక కింద చూశాడు. పహిల్వాన్ బండి చక్రం పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

అతను మళ్లీ ఎండాకాలం చూడలేదని తర్వాత తెలిసింది. మీరు నన్ను యుద్ధం గురించి అడుగుతారు. నాకు కనబడేవి ఆ ముసలి చేతులే. కొడుకు ఒంటి మీద గాయం కోసం వెతుకుతూ ఉంటాయి.